గాలపు దారము

వినోదమునకు గాలము వేయువారికి చిరకాలముగ ఒక చిక్కు కలదు. దారము చేప కంటబడరాదు. చేప గుంజినపుడు తెగరాదు. 1653లో ఐజాక్ వాల్టన్ ఇంగ్లండులో గాలపు వేటపై తన గ్రంథమును ప్రకటించునాటికి గుఱ్ఱపు తోక వెండ్రుకలను పేని వాడుచుండిరి. పిమ్మట పట్టుపురుగు అక్కరకు వచ్చెను. గూడు కట్టబోవు పురుగును వినెగరులో నానవేసి, దాని పట్టుగ్రంథులను వెలికిదీసి, రెండు కొనలును పట్టి సాగదీసెడివారు. గట్టి, పారదర్శకమైన పోగు ఏర్పడును. స్పెయినులోని ముర్సియా ఈ పనికి పేరుపొందెను.

కాని పోగు ఒకటి రెండు అడుగులకు మించదు, ముడులు తప్పవు. ఎండినచో పెళుసై ముడివద్దనే తెగును. అందుచే ముందుగ నీట నాననీయవలెను. మరచినవాని చేప పోయినట్లే!

1935లో అమెరికాలో కెరోథర్స్ బృందము నైలానును తయారుచేసెను. దాని పోగును ఎంత పొడవైనను తీయవచ్చును, నానవేయనక్కరలేదు. పట్టుపోగు మూలబడెను. అయితే నైలాను నీట సులభముగ కుళ్ళదు. తెగి ఏటిలో మిగిలిన దారము నీటిపక్షుల కాళ్ళకు చుట్టుకొని వాని ప్రాణములు తీయుచున్నది.