పటం పాడేది

హైదరాబాదులోని జగదీశ్–కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఒకటుంది. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ. అది మిగలడమే వింత. పాతబడ్డ పటాన్ని పూజ చేసి నీళ్లలో కలిపేయడం ఆనవాయితీ మరి. పటమంటే దేవుడి లెక్క. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన ఆ బట్టచుట్టను కోతలయ్యాక ఊళ్లో విప్పి, బొమ్మబొమ్మకూ పాడుతూ పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు రాత్రుళ్లు కథ చెప్పేవారు.

మా అమీన్‌పూర్‌లో వేసవి ఎగ్జిబిషన్ పెడితే చేర్యాల బొమ్మలు జానెడు ఫ్రేముల్లో వస్తాయి. అమ్ముడుపోతే బొమ్మలేసే నకాశీల పొయ్యి వెలుగుతుంది, దాంతో నాకే పేచీ లేదు. (బేరమాడేవాళ్లతోనే పేచీ.) కానీ పాడేవాళ్లకు చోటేది? ఈసారి వాళ్లనూ పిలుద్దామని అసోసియేషన్‌లో అడిగాను. "పదింటికి మైకు కట్టేయాలి కదండీ" అన్నారు. అప్పటికి కథ మార్కండేయుడి పుట్టుక దాకా కూడా రాదు.