గుమాస్తా – రికార్డు కీపరు – కంప్యూటరు

మన పి.పి.ఓ. నంబరు కొట్టగానే వివరాలన్నీ కంప్యూటరు తెర మీదికి వస్తాయి. ఆ తెరను నడిపే ప్రోగ్రాము వేరు, మన లెక్కలను భద్రపరిచే డేటాబేసు వేరు. గుమాస్తా వేరు, రికార్డు కీపరు వేరు అన్నట్లే. ఈ పని విభజన సరిగా కుదరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అపోలో చంద్రయాత్రకు కావలసిన విడిభాగాల జాబితా కోసం ఐ.బి.ఎం. కంపెనీ మరికొందరితో కలిసి ఐ.ఎం.ఎస్. అనే ఏర్పాటు చేసింది. 1968లో అది పనిలోకి వచ్చింది. అందులో సమాచారం వంశవృక్షంలా ఉండేది. గొప్ప పనే. కాని ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు దిగాలో ప్రోగ్రాము రాసేవారికి దారంతా తెలిసి ఉండాలి. అమరిక మారితే ప్రోగ్రాములు తిరగరాయాలి. రికార్డు రూములో బీరువాలు జరిపినందుకు గుమాస్తాలందరూ పని మళ్ళీ నేర్చుకోవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి!

అదే కంపెనీలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ 1970లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆయన ఇంగ్లండులో పుట్టిన గణితజ్ఞుడు, రెండవ ప్రపంచయుద్ధంలో విమానం నడిపినవారు. సమాచారమంతా వరుసలు, గడులు ఉన్న పట్టికల్లో ఉండాలనీ, ఏమి కావాలో అడగడం వరకే ప్రోగ్రాము పని అనీ, ఎక్కడుందో వెతకడం డేటాబేసు పని అనీ ఆయన వాదన. రిజిస్టర్లతో జీవితం గడిపిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. సొంత కంపెనీ మాత్రం తొందరపడలేదు. ఐ.ఎం.ఎస్. బాగా అమ్ముడవుతోంది మరి! 1974లో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ అడిగే భాషను రూపొందించారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. పాపం, బాయిస్ ముప్ఫై నిండకుండానే ఆ ఏడాదే కన్నుమూశారు. 1979లో ఒరాకిల్ వారు ఆ భాషతో సరుకు బజారులో పెట్టారు. ఐ.బి.ఎం. వారిది 1981లో గాని రాలేదు. కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చిందీ ఆ సంవత్సరమే.

ఇప్పుడు జరిగేది ఇది. ‘ఫలానా నంబరు గలవారి పేరు, పెన్షను ఇవ్వు’ అని ప్రోగ్రాము చీటీ పంపుతుంది. అడిగేవారికి అధికారం ఉందో లేదో డేటాబేసు చూసి, సూచిక తిరగేసి, ఆ వరుస మాత్రమే పంపుతుంది. డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు మారేటప్పుడు ఖర్చు, జమ రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. మధ్యలో కరెంటు పోతే, విడిగా రాసి ఉంచిన చిట్టా చూసి సగం పనిని రద్దు చేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ ఏర్పాటే.

‘సర్వర్ డౌన్’ అని కౌంటరులో చెప్పినప్పుడు మన లెక్కలు పోయాయని కొందరు మిత్రులు కంగారు పడుతున్నారు. చాలాసార్లు చీటీ అవతలికి చేరలేదనే దాని అర్థం. అసలు జాగ్రత్త వేరే చోట కావాలి. పుట్టిన తేదీ గడిలో అక్షరాలు కొడితే డేటాబేసు ఒప్పుకోదు గాని, 1948 బదులు 1949 కొడితే నోరెత్తదు. భార్య పేరు తప్పుపడినా అంతే. ఫ్యామిలీ పెన్షను అడిగే రోజున ఆ చిక్కు ఆమె నెత్తిన పడుతుంది. కనుక ఆ రెండు గడులూ ఇప్పుడే అడిగి చూసుకోండి.