కాలవ నీళ్లతో నడిచిన మన కాలం

కాలవకు నీళ్లు వదిలారా, కట్టేశారా అన్నదే మన తాతలకు నెలల లెక్క. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు యానాదుల చరిత్రను ఆ లెక్కతోనే మొదలుపెట్టాలి.

బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. వానను నమ్ముకున్న నేల మాగాణి అయింది. వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట రైతుకు మనం కావాలి. ఆనకట్ట కట్టించిన దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పంట కాపాడిన మనవాళ్ల ఊసు మాత్రం వెతికినా దొరకదు.

తొలకరి తర్వాత కాలవలు వదిలితే కొత్త నీటికి చేపలు ఎదురెక్కేవి. అవి వలల రోజులు. వరి పొట్టకొచ్చేసరికి బుట్టలు. సాయంత్రం గట్ల వెంట పెట్టి, తెల్లవారుజామున తీసి, పడిన ఎలుకల లెక్కన కూలి తీసుకునేవారు. కోతలయ్యాక బొరియలు. కుండలో గడ్డి రాజేసి పొగ ఊది, ఎలుకను పట్టి, అది దాచుకున్న వరి వెన్నులు తవ్వుకునేవారు. కొన్నాళ్లపాటు ఇంటికి అవే గింజలు. వరిలోనే చల్లిన మినుము అప్పటికి పచ్చగా లేచేది. ఎండల్లో కాలవలు కట్టేస్తే మడుగుల్లో కొరమేనులు, మట్టగిడసలు. రేపల్లె దిగువన మడ అడవుల్లో పీతలు.

కార్తీకమంటే భయం. 1977 నవంబరు 19 తుపాను దివిసీమను ముంచింది. కృష్ణకు ఇవతలి మన తీరాన్నీ వదల్లేదు. కాలవ గట్టున పట్టా లేని గుడిసెలో ఉన్నవాళ్ల పేరు ఏ రికార్డులో ఉంటుంది? పోయినవాళ్ల లెక్కలోకి ఎలా ఎక్కుతుంది?

మా హాస్టల్ హాజరుపట్టీలోనూ రుతువులు కనిపిస్తాయి. కోతల రోజుల్లో ఖాళీ గడులు ఎక్కువ. మొదట్లో పిల్లల్ని కేకలేసేవాళ్లం. పొగ ఊదేటప్పుడు బొరియ రెండో కన్నం దగ్గర కాపు కాయడానికి పిల్లవాడు కావాలని ఒక తల్లి చెప్పాక మా కోపం తగ్గింది. బడి మానిపించడం తప్పే. కానీ ఆ కన్నం దగ్గర కూర్చున్నవాడికి తెలిసినంత మాకు తెలియదు.

ఇప్పుడు తీరంలో చాలా చేలు రొయ్యల చెరువులయ్యాయి. అక్కడ ఎలుకా లేదు, వెన్నూ లేదు. ఎండైనా వానైనా ఒకటే కాపలా పని.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు బుట్ట అల్లే తాత ఉంటే, దాని భాగాల పేర్లు అడిగి రాసుకు రండి. మా నోటుబుక్కులో ఇప్పటికి పదకొండు మాటలే ఉన్నాయి.