ఉష్ణోగ్రతలోని ఉగ్రత
మొన్న టీవీలో వార్తలు చదివే అమ్మాయి 'రేపట్నుంచి ఉష్ణోగ్రతలు మరింత వేడెక్కుతాయి' అంది. వేడెక్కేది గాలీ నేలా. ఉష్ణోగ్రత పెరుగుతుంది, తగ్గుతుంది, అంతే. మాట మాత్రం భలే గడుసుది. కాల్చడమనే అర్థమున్న సంస్కృత ధాతువు 'ఉష్' నుంచి ఉష్ణం, దానికి 'ఉగ్రత' చేరి గుణసంధి. ఉగ్రమంటే భీకరం కదా, మరి చలికాలం లంబసింగిలో 3 డిగ్రీలకు పడిపోయి పళ్లు టకటకలాడుతున్నా 'కనిష్ఠ ఉష్ణోగ్రత' అనే అంటాం! హిందీవాళ్లు తాపమానమని కొలతను పట్టుకున్నారు, మనం తీవ్రతను పట్టుకున్నాం. నాకు మనదే నచ్చుతుంది. ఉష్ణం ఎంతుంది అన్నది వేరు, ఎంత ఉగ్రంగా ఉంది అన్నది వేరు. దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వ చేతిమీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది. దాని ఉష్ణోగ్రత 1000 డిగ్రీల పైమాటే, ఉష్ణం మాత్రం రవ్వంత. చెంబెడు మరిగే నీళ్లు 100 డిగ్రీలే, ఒలికితే ఒళ్లంతా బొబ్బలు. ఉష్ణాన్నీ ఉష్ణోగ్రతనూ 18వ శతాబ్దంలో విడదీసి చూపినవాడు స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్. కరిగే మంచు ఉష్ణాన్ని తాగుతూనే ఉన్నా ఉష్ణోగ్రత కదలదని గమనించాడు. మన పాఠాల్లోని గుప్తోష్ణం అదే. అచ్చతెలుగులో ఈ విడదీత లేదుగానీ, వేడి ఎలా తగిలిందో చెప్పే మాటలున్నాయి: పొయ్యికి ఎదురుగా కూర్చుంటే సెగ, గాలాడక చెమటలు కారితే ఉక్క. కాగు, కాచు, కాక ఒక్క కుదుటివే. మా అమ్మమ్మ పెరట్లో స్నానాల నీళ్లు కాగే ఇత్తడి పాత్ర పేరూ కాగే.