బ్రౌజరు యుద్ధాలు

అంతర్జాలంలోని పేజీలను చూడటానికి వాడే సాఫ్టువేరును బ్రౌజరు అంటారు. తెలుగులో దీనికి విహరిణి అనే పేరు కూడా ఉంది. ఈ సాఫ్టువేరును తయారుచేసే సంస్థల మధ్య వాడుకరుల కోసం జరిగిన పోటీని బ్రౌజరు యుద్ధాలు అని వ్యవహరిస్తారు. మొదటి యుద్ధం 1995 నుండి సుమారు 2001 వరకు నెట్‌స్కేప్, మైక్రోసాఫ్టు సంస్థల మధ్య జరిగింది. రెండవది 2004లో ఫైర్‌ఫాక్స్ రాకతో మొదలై గూగుల్ క్రోమ్ ఆధిక్యంతో ముగిసింది. బ్రౌజరును ఎవరూ డబ్బు పెట్టి కొనని ఈ రోజులలో ఇంత పోటీ ఎందుకన్న సందేహం సహజం. వాడుకరి ముందుగా ఏ పేజీని చూస్తాడు, దేనిలో వెతుకుతాడు అన్నది చాలావరకు బ్రౌజరే నిర్ణయిస్తుంది. అసలు ఆదాయం అక్కడే ఉంది.

తొలి రోజులు

టిమ్ బెర్నర్స్-లీ 1990లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో మొదటి బ్రౌజరును తయారుచేశాడు. అది నెక్స్ట్ కంప్యూటర్లలో మాత్రమే పనిచేసేది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా రూపొందించిన మొజాయిక్ 1993లో వెలువడిన తరువాత వెబ్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఆండ్రీసెన్ 1994లో జిమ్ క్లార్క్‌తో కలసి నెట్‌స్కేప్ సంస్థను స్థాపించాడు. వీరి నావిగేటర్ బ్రౌజరు కొద్దికాలంలోనే 70 శాతానికి మించిన వాడుకరులను సంపాదించుకొంది.

మొదటి యుద్ధం

1995 ఆగస్టులో నెట్‌స్కేప్ వాటాలు స్టాక్ మార్కెట్లో ప్రవేశించాయి. అదే నెలలో మైక్రోసాఫ్టు తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును విడుదల చేసింది. ఇది ఆ సంస్థ సొంతంగా మొదటినుండి వ్రాసుకొన్నది కాదు. మొజాయిక్ హక్కులు కలిగిన స్పైగ్లాస్ అనే సంస్థ నుండి అనుమతి పొంది తయారుచేసినది. ఆ ఒప్పందం ప్రకారం అమ్మకాలలో స్పైగ్లాస్‌కు వాటా రావాలి. కాని మైక్రోసాఫ్టు బ్రౌజరును అమ్మలేదు, ఉచితంగా ఇచ్చింది. చివరకు ఈ తగవు 1997లో 80 లక్షల డాలర్ల చెల్లింపుతో తీరింది.

నెట్‌స్కేప్ ఓటమికి నాణ్యత ఒక్కటే కారణమని చెప్పలేము. ఎక్స్‌ప్లోరరు 3, 4 వెర్షన్లు నిజంగానే బాగా మెరుగుపడ్డాయి. కాని అంతకంటే బలమైన కారణం విండోస్‌. కొత్త కంప్యూటరు కొన్నవారికి ఎక్స్‌ప్లోరరు అందులోనే సిద్ధంగా ఉండేది. నెట్‌స్కేప్ కావాలంటే డయల్-అప్ కనెక్షన్ మీద గంటల తరబడి దింపుకోవాలి. కంపాక్ సంస్థ తన కంప్యూటర్ల తెర మీద ఎక్స్‌ప్లోరరు గుర్తును తొలగించినపుడు, విండోస్ అనుమతిని రద్దు చేస్తామని మైక్రోసాఫ్టు 1996లో నోటీసు ఇచ్చింది. కంపాక్ వెనక్కు తగ్గింది. 1998లో వచ్చిన విండోస్ 98లో బ్రౌజరు ఆపరేటింగ్ సిస్టములో ఒక భాగమైపోయింది.

1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్టు మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద దావా వేసింది. న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 2000 జూన్‌లో సంస్థను రెండుగా విడగొట్టాలని తీర్పు చెప్పాడు. 2001లో అప్పీలు కోర్టు విభజన ఉత్తర్వును కొట్టివేసింది కాని, మైక్రోసాఫ్టు తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకొన్నదన్న నిర్ణయాన్ని నిలిపింది. తరువాత ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. అప్పటికి నెట్‌స్కేప్ స్వతంత్ర సంస్థగా లేదు. 1999లో ఏఓఎల్ దానిని కొనివేసింది.

స్తబ్ధత

2001 ఆగస్టులో ఎక్స్‌ప్లోరరు 6 వచ్చింది. తరువాతి వెర్షను 2006 అక్టోబరులో గాని రాలేదు. వాడుకరులలో 90 శాతానికి పైగా చేతిలో ఉన్నపుడు మార్చవలసిన అవసరం మైక్రోసాఫ్టుకు కనబడలేదు. ఈ ఐదేళ్ళలో వెబ్‌సైట్ల తయారీదారులు ప్రమాణాలను ప్రక్కన పెట్టి ఎక్స్‌ప్లోరరు కోసమే పేజీలు వ్రాయడానికి అలవాటుపడ్డారు. దక్షిణ కొరియాలో ఇది పరాకాష్ఠకు చేరింది. అక్కడి బ్యాంకుల భద్రతా విధానం యాక్టివ్ఎక్స్ మీద ఆధారపడినందున, ఎక్స్‌ప్లోరరు లేనిదే ఆన్‌లైనులో డబ్బు చెల్లించడం చాలాకాలం సాధ్యం కాలేదు.

తెలుగు పాఠకులకు కలిగిన చిక్కు

ఈ గుత్తాధిపత్యం తెలుగువారికి అక్షరాల రూపంలోనే ఎదురయింది. అప్పటి తెలుగు వార్తాపత్రికల సైట్లు యూనికోడ్‌కు బదులు సొంత ఫాంట్లు వాడేవి. అక్షరాలన్నీ ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద పరచబడి ఉండేవి. ఆ ఫాంట్లను పేజీతో పాటు పంపే డైనమిక్ ఫాంట్ల పద్ధతికి ఎక్స్‌ప్లోరరు, నెట్‌స్కేప్ వేరువేరు ఏర్పాట్లు చేసుకొన్నాయి. నెట్‌స్కేప్ తెరమరుగయ్యాక ఎక్స్‌ప్లోరరు పద్ధతే మిగిలింది. దానివలన ఫైర్‌ఫాక్స్‌లో గాని, లినక్స్‌లో గాని అటువంటి పేజీని తెరిస్తే వార్తకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించేవి. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క సంకేత విధానం కనుక గూగుల్ వంటి శోధన యంత్రాలకు కూడా ఆ పాఠ్యం దొరికేది కాదు.

ఈ ఇబ్బందిని కొంతవరకు తీర్చినది పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత. ఇది పత్రికల ఫాంట్లలో ఉన్న పాఠ్యాన్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. యూనికోడ్ తెలుగుకు మాత్రం విండోస్ ఎక్స్‌పీ తోడ్పాటు ఇచ్చింది. గౌతమి ఫాంటు దానితోనే వచ్చింది. అయితే సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని కంట్రోల్ ప్యానెల్లో విడిగా చేతనం చేసుకోవాలి. అలా చేయని కంప్యూటర్లలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు వచ్చే కొత్తవారు మొదట దాటవలసిన అడ్డంకి ఇదే. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరుతో అక్షరాలను కూర్చుతున్నందున తెలుగు అన్నిచోట్లా ఒకే విధంగా కనిపిస్తున్నది.

రెండవ యుద్ధం

నెట్‌స్కేప్ 1998లో తన బ్రౌజరు మూలాన్ని బయటపెట్టి మొజిల్లా ప్రాజెక్టును మొదలుపెట్టింది. దాని నుండి పుట్టిన తేలికైన బ్రౌజరుకు మొదట ఫీనిక్స్ అని పేరు పెట్టారు. బూడిద నుండి మళ్ళీ లేచే పురాణ పక్షి పేరది. ఆ పేరు, తరువాతి ఫైర్‌బర్డ్ అనే పేరు ఇతరులు వాడుతున్నవి కావడంతో చివరకు ఫైర్‌ఫాక్స్ అయింది. 2004 నవంబరు 9న 1.0 వెర్షను వెలువడింది. 2009 చివరినాటికి స్టాట్‌కౌంటర్ లెక్కలలో దాని వాటా సుమారు 32 శాతానికి చేరింది.

గూగుల్ 2008 సెప్టెంబరు 2న క్రోమ్‌ను విడుదల చేసింది. జావాస్క్రిప్టును వేగంగా నడిపే వీ8 యంత్రం, ప్రతి ట్యాబును వేరు ప్రక్రియగా నడపడం దీని ప్రత్యేకతలు. 2012 మేలో స్టాట్‌కౌంటర్ నెలసరి లెక్కలలో క్రోమ్ ఎక్స్‌ప్లోరరును దాటింది. మైక్రోసాఫ్టు 2015లో ఎడ్జ్ అనే కొత్త బ్రౌజరు తెచ్చినా, 2020 జనవరి నుండి దానిని గూగుల్ వారి క్రోమియం పునాది మీదనే నడుపుతున్నది. ఎక్స్‌ప్లోరరు 11కు మద్దతు చాలా విండోస్ కంప్యూటర్లలో 2022 జూన్ 15న ముగిసింది.

లెక్కించే పద్ధతి

బ్రౌజరు ప్రతి పేజీని కోరేటపుడు తన పేరు, వెర్షను, ఆపరేటింగ్ సిస్టము వివరాలను సర్వరుకు తెలుపుతుంది. వాడుక గణాంకాలన్నీ ఈ పరిచయ వాక్యం నుండి తీసినవే. అయితే ఇది నమ్మదగినది కాదు. నెట్‌స్కేప్ కోసం తయారైన పేజీలు తమకూ అందాలని ఎక్స్‌ప్లోరరు మొదట్లోనే తనను మొజిల్లా అని చెప్పుకొంది. ఆ వేషం ఇప్పటికీ తీరలేదు. క్రోమ్, సఫారి, ఎడ్జ్ అన్నీ ఆ పేరుతోనే పరిచయం చేసుకొంటాయి. పైగా స్టాట్‌కౌంటర్ చూసిన పేజీలను లెక్కించగా, నెట్ అప్లికేషన్స్ సంస్థ సందర్శకులను లెక్కించి దేశాల అంతర్జాల వాడుకరుల సంఖ్యను బట్టి సవరించేది. అందువలన ఒకే నెలకు ఈ ఇద్దరి అంకెలు చాలా తేడాగా ఉండేవి.

మొబైల్, శోధన

2016 అక్టోబరులో ప్రపంచవ్యాప్తంగా మొబైల్, టాబ్లెట్ల వాడుక 51.3 శాతానికి చేరి డెస్క్‌టాప్ కంప్యూటర్లను మించిపోయిందని స్టాట్‌కౌంటర్ ప్రకటించింది. 2017 మార్చిలో ఆండ్రాయిడ్ 37.93 శాతంతో విండోస్‌ను (37.91) స్వల్పంగా దాటింది. భారతదేశంలో తక్కువ ధర ఫోన్లలో డేటా ఆదా చేసే యూసీ బ్రౌజరు కొన్నాళ్ళు మొబైల్ వాడకంలో ముందుండేది. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అది కూడా ఉంది.

మైక్రోసాఫ్టు మీద వచ్చిన ఆరోపణే ఇప్పుడు గూగుల్‌కు చుట్టుకొంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లను ముందే ఉంచే షరతుల విషయంలో భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అమెరికాలో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో, శోధనలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకొన్నదని తీర్పునిచ్చాడు. సఫారిలో గూగుల్ శోధనను ముందుగా ఉంచినందుకు ఒక్క 2022లోనే ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు అందాయని ఆ విచారణలో వెల్లడైంది. ఫైర్‌ఫాక్స్‌ను నడిపే మొజిల్లా ఆదాయంలో కూడా అధికభాగం ఇటువంటి ఒప్పందం నుండి గూగుల్ ఇచ్చేదే. అందుచేత ఆ చెల్లింపులను నిషేధిస్తే ముందుగా దెబ్బతినేది గూగుల్ పోటీదారేనన్న వాదన బలంగా వినిపించింది. 2025 సెప్టెంబరులో మెహతా క్రోమ్‌ను అమ్మివేయనవసరం లేదని, ప్రత్యేక హక్కుల ఒప్పందాలు మాత్రం చెల్లవని, చెల్లింపులు కొనసాగవచ్చని ఆదేశించాడు.