ఎవరి ఆకలి కోసం చేసిన పొడి?

ఈ మధ్య మన దరియాలతిప్పలో రాత్రి అన్నం మానేసి గ్లాసుడు షేక్ తాగి పడుకునేవాళ్లు కనిపిస్తున్నారు. ఆ డబ్బాల్నే సంఘం డబ్బుతో టోకున తెప్పించి పెద్దవాళ్లకి, బాలింతలకి ఇద్దామన్న మాట వచ్చే సమావేశానికి రాబోతోంది. చెయ్యెత్తే ముందు ఈ పొడుల పుట్టుపూర్వోత్తరాలు ఓసారి చూద్దామని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

భోజనం బదులు తాగడం మనకేం కొత్త కాదు. తరవాణి, గంజి, రాగి అంబలి తాగే మన పెద్దలు పనుల్లోకి వెళ్లారు. డబ్బా మాత్రం తర్వాత వచ్చింది. ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్లిన హార్లిక్ అన్నదమ్ములు 1873లో కంపెనీ పెట్టింది పసిపిల్లల ఆహారం కోసం. పదేళ్లకి మాల్ట్ కలిపిన పాలపొడికి పేటెంటు తీసుకున్నారు. మన పక్కనే రాజమండ్రిలో ఆ ఫ్యాక్టరీ 1975లో వచ్చింది. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్తే బత్తాయిలతో పాటు హార్లిక్స్ సీసా పట్టుకెళ్లడం మర్యాదైపోయింది. ఆ మర్యాదే దాన్ని మందుని చేసేసింది. 2024లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాల్ని 'హెల్త్ డ్రింక్స్' వర్గంలో అమ్మొద్దని ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది. ఆ ఏడాదే హార్లిక్స్ కంపెనీ కూడా ఆ విభాగం పేరులోంచి 'హెల్త్' అన్న మాట తీసేసింది.

ఇప్పుడు మన గోదావరి సంగతి. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు బాగా ఉండేది. పచ్చి బియ్యాన్ని మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించి తినేవాళ్లకి అది వచ్చేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అంతగా లేదు. కడుపు నిండేది, కాలరీలకి లోటు లేదు. కానీ తవుడుతో పాటు బి1 విటమిను పోయేది. ఈ జబ్బు మీద పరిశోధనకే 1918లో కూనూరులో ఒక్క గదిలో చిన్న కేంద్రం మొదలైంది. అదే పెరిగి 1958లో హైదరాబాదుకి మారి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ సంస్థ తయారుచేసిందే 'హైదరాబాదు మిక్స్'. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. వేయించి పొడి కొడితే అయిపోయింది. ఆ 86 గ్రాముల్లో సుమారు 330 కాలరీలు, 11 గ్రాముల ప్రోటీను. ఎండిపోయిన పిల్లలకి కండ పట్టించడానికి చేసిన పొడి అది. అందుకే కాలరీలు అంత దండిగా ఉంటాయి.

షేక్ పుట్టుక దీనికి పూర్తిగా ఎదురు. 1959లో అమెరికాలో 'మెట్రెకాల్' అనే పొడి వచ్చింది. రోజు మొత్తానికి 900 కాలరీలే. తిండి ఎక్కువై లావెక్కినవాళ్ల కోసం చేసింది. ఇంకో కథ దీనికంటే ఘోరం. 1970లలో అక్కడే ద్రవ ప్రోటీను ఒక్కటే తాగి బరువు తగ్గే పిచ్చి పట్టింది. పశువుల చర్మం, నరాల నుంచి తీసిన కొల్లాజెన్ అది. ప్రోటీను గ్రాముల లెక్క డబ్బా మీద ఘనంగానే ఉండేది. కానీ శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అందులో లేదు, ఖనిజాలూ చాలవు. దాదాపు 60 మంది చనిపోయినట్టు నమోదైంది. "ఇందులో ఇన్ని గ్రాముల ప్రోటీను ఉందండీ" అని ఎవరైనా ఊరిస్తే మాకు గుర్తొచ్చేది ఇదే.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లో ఒక కొలత పెట్టింది. బరువు తగ్గడానికి భోజనం బదులు తాగేది ఏదైనా పూటకి 200 నుంచి 400 కాలరీలు ఇవ్వాలి, అందులో కనీసం పాతిక శాతం ప్రోటీను నుంచి రావాలి. అంటే 200 కాలరీల గ్లాసులో 12 గ్రాములు దాటాలి. డబ్బా మీద చూపించే లెక్కలో మనం కలిపే పాలవి కూడా చేరి ఉండొచ్చు, అలా ఉంటే అది తీసేసి చూడండి. గ్లాసుడు పాలలోనే ఆరేడు గ్రాములు ఉంటుంది. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నదే ముందు రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ కనిపిస్తే మనం కొంటున్నది ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.

తెల్లవారుజామున వేటకెళ్లే మనిషికి 200 కాలరీలు ఏ మూలకి? బాలింతకి బరువు తగ్గే పొడి ఎందుకు? కిడ్నీ జబ్బున్న పెద్దాయనకి డాక్టరుని అడక్కుండా ప్రోటీను పొడి ఎలా పోస్తాం? సుగరున్నవాళ్లకి బెల్లమున్న హైదరాబాదు మిక్స్ కూడా కుదరదు, అదీ చెప్పాలి. 2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీను పొడులు వాడొద్దనే ఉంది. పళ్లు లేక నమల్లేనివాళ్లు, జబ్బు పడి లేచినవాళ్లు డాక్టరు చెబితే వాడటం వేరే సంగతి. అలాంటివాళ్లకి సంఘం సాయం చేస్తే మాకు అభ్యంతరం లేదు. అందరికీ ఒకే డబ్బా టోకున అంటే మాత్రం మా ఓటు లేదు. అదే డబ్బుతో గుడ్లు, పప్పు, వేరుశనగ ఎన్ని వస్తాయో లెక్క వేసి పట్టుకొస్తాం.

మీ ఇంట్లో ఇప్పటికే డబ్బా ఉంటే సమావేశానికి తెండి. వెనకవైపు అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి కాబట్టి కళ్లజోడు మర్చిపోవద్దు.