సముద్రం లేని సర్కారు, పాల్వంచ నుంచి బీచ్ టూరు

పాల్వంచలో నలుగురు స్నేహితులు కూర్చుని బీచ్ మాట ఎత్తితే అది గోవాతో మొదలై వైజాగ్‌తో తేలుతుంది. థర్మల్ పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసేవాడికి అన్ని రోజులు లీవు దొరకదు. కాంట్రాక్టు పనివాడికి వెళ్లిన ప్రతి రోజూ కూలీ పోయినట్టే. ఇంకొకడి మరదలి పెళ్లి సరిగ్గా ఆ వారంలోనే పడుతుంది. "గోవా అన్నది నువ్వే, ఇప్పుడు లీవు లేదంటే ఎట్లరా?" అని నాలుగు రోజులు గ్రూపులో తిట్టుకుంటారు. చివరికి ఒక శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటారు. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా లెక్క కట్టి తలా ఇంత వేసుకుంటారు. అశ్వారావుపేట, రాజమండ్రి మీదుగా వెళితే తెల్లారేసరికి విశాఖ.

డబ్బు ఒకరి దగ్గరే పెట్టి, తిరిగొచ్చాక లెక్క చెప్పమంటారు. లెక్క అప్పజెప్పడంలో ఈ ప్రాంతానికి ఉన్న చరిత్ర చిన్నది కాదు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే రామదాసు, వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు.

ఈ బీచ్ టూరు మాత్రం పాత అలవాటు కాదు. పాల్వంచ నూట అరవై ఏళ్లకు పైగా సముద్రం లేని రాజ్యంలో ఉన్న ఊరు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లు నిజాం చేజారి ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. 1788లో గుంటూరు కూడా పోయింది. దాంతో హైదరాబాద్ రాజ్యానికి తీరమనేదే లేకుండా పోయింది. మచిలీపట్నం రేవును వాడుకోవడానికి 1802లో కంపెనీతో వ్యాపార ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఒకప్పుడు తనదే అయిన తీరంలో సరుకు దింపుకోవడానికి ఇంకొకరి అనుమతి అన్నమాట.

ఆ బాధ చివరిదాకా తీరలేదు. 1947లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోతున్న వేళ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తరఫున పోర్చుగల్‌తో మంతనాలు జరిగాయి. గోవాను, అక్కడి మార్మగోవా రేవును సంపాదించుకోవాలన్నది ఆలోచన. అది సాగలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌లో ప్రవేశించడంతో ఆ కథే ముగిసింది. తెలంగాణ నుంచి వేసి, ఆగిపోయిన గోవా ప్లాన్లలో మొదటిది ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషిదే!

రాజ్యానికి సముద్రం లేకపోయినా ఊరికి సముద్రంతో బంధం ఉంది. పాల్వంచ పక్కన పారే కిన్నెరసాని బూర్గంపాడు వైపు వెళ్లి గోదావరిలో కలుస్తుంది. ఈ అడవుల టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలోకి వదిలితే పాపికొండల సందుల్లోంచి రాజమండ్రి చేరేవి. ఎదురు దిశలో తీరం ఉప్పు లంబాడీల ఎడ్ల మీద లోపలి ఊళ్లకు వచ్చేది. సర్ ఆర్థర్ కాటన్ ఈ దారిని ఇంకా పెద్దగా ఊహించాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఈ ఇంజనీరు, వార్ధా ప్రాంతపు పత్తిని పడవల్లో గోదావరి మీదుగా కాకినాడ రేవుకు దించవచ్చని నమ్మాడు. అందుకోసం భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో ఆనకట్ట, పడవలు దాటడానికి లాకుల కాలువ కట్టారు. ఖర్చు పెరిగింది, జ్వరాలు కూలీలను పీల్చేశాయి, అవతల రైలు వచ్చేసింది. 1871లో పని ఆపేశారు. అది పూర్తయి ఉంటే పాల్వంచవాళ్లకు సముద్రానికి దారి పడవలోనే ఉండేదేమో.

ఆ రోజుల్లో తెలుగువాళ్లు గుంపుగా సముద్రానికి వెళ్లేవారు గానీ సరదాకు కాదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టకూడదన్న ఆచారం గట్టిగా ఉండేది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి బళ్లు కట్టుకుని వెళ్లి, గోదావరి సముద్రంలో కలిసేచోట మునిగి, తేరు చూసి తిరిగొచ్చేవారు. ఆ బళ్లలో పెద్దవాళ్లు, పిల్లలు, వంటపాత్రలు, మొక్కులు అన్నీ ఉండేవి. ఒకే వయసువాళ్లు, ఇంట్లోవాళ్లు లేకుండా, పుణ్యం కోసం కాకుండా వెళ్లడమన్నది అప్పటివాళ్లకు తోచని విషయం. ఒడ్డున రోజూ ఉండేది వల లాగే జాలరులే.

గాలి కోసం, ఒంటి ఆరోగ్యం కోసం ఒడ్డున ఉండే పద్ధతిని ఈ తీరానికి తెచ్చింది ఐరోపావాళ్లు. భీమునిపట్నంలో 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు స్థావరం వేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి, టూరుకు వెళ్లిన కుర్రాళ్లు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, 1861లో మునిసిపాలిటీ అయింది. విశాఖ దొరలు పాత ఊరు వదిలి ఎత్తు మీద ఉన్న వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. 1893 నుంచి తూర్పు తీరం రైలు మార్గం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది, 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన పూర్తయింది. విశాఖ స్టేషన్‌కు చాలాకాలం వాల్తేరు అనే పేరే నడిచింది.

పాల్వంచవైపు కూడా రైలు వచ్చింది, బొగ్గు కోసం. సింగరేణి గనులకు వేసిన ఆ లైను కొత్తగూడెం దాకా వచ్చింది. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. ఆ పేరు నమ్మి దిగిన యాత్రికుడు పాల్వంచ మీదుగా ఇంకా 40 కిలోమీటర్లు వెళ్లాలి.

అసలు మార్పు 1956 తర్వాతే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో పాల్వంచ ఉన్న రాష్ట్రానికి తీరం వచ్చింది. 1966-67లో ఇక్కడ కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు మొదలయ్యాయి. దానికి నీళ్ల కోసం కిన్నెరసాని మీద డ్యామ్ కట్టారు. 1980లో దేశంలో బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తీసే మొదటి ప్లాంటు కూడా ఇక్కడే వచ్చింది. నెల జీతం, బోనసు, లెక్కలో ఉన్న సెలవులు, ఒకే షిఫ్టులో పనిచేసే స్నేహితులు ఈ ఊరికి అప్పుడే వచ్చాయి. స్నేహితులతో టూరు వెళ్లాలంటే కావలసినవీ అవే.

కాలనీల్లోకి కోస్తా జిల్లాలవాళ్లు కూడా వచ్చారు. ఆ ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న కోపమే 1969 తెలంగాణ ఉద్యమానికి ఈ పాల్వంచలో నిప్పు రాజేసింది. ఆ ఏడాది జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చోవడంతో అది తెలంగాణమంతా పాకింది. ఉద్యోగాల దగ్గర కొట్లాట నిజం. క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర టీ తాగడమూ నిజమే. విశాఖలో ఏ వీధిలో చవకగా గది దొరుకుతుందో పాల్వంచకు చెప్పింది ఆ బల్ల దగ్గరివాళ్లే అనుకోవచ్చు.

దారిని 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సులువు చేసింది. సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరి, రాత్రి ఖమ్మం దాటి, పొద్దున్నే విశాఖ చేరే రైలు అది. కొత్తగూడెం నుంచి ఖమ్మం దాకా బస్సు, అక్కడి నుంచి రైల్లో నిద్ర. నాలుగేళ్లకు, 1978లో, బాలచందర్ సినిమా 'మరోచరిత్ర' విశాఖ తీరాన్ని తెలుగు కుర్రకారు కళ్లముందు పెట్టింది. అప్పటిదాకా విశాఖ అంటే 1933లో తెరిచిన రేవు, ఓడల కర్మాగారం, యూనివర్సిటీ. ప్రేమకథ జరిగే ఒడ్డుగా దాన్ని చూడడం ఆ తర్వాతి మాట.

రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎదుట ఉండడంతో ఆర్కే బీచ్ అయిన ఆ ఒడ్డున ఇప్పుడు సాయంత్రమైతే కాలు పెట్టే చోటుండదు. 2002లో కురుసుర జలాంతర్గామిని ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. కాస్త దూరంలో మురీ మిక్చర్ బళ్లు. మరమరాల్లో సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కారం వేసి, నిమ్మకాయ పిండి, గిన్నెలో గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. గాలికి మెత్తబడకముందే తినాలి. రుషికొండలో అలలు చూడ్డానికి నెమ్మదిగానే ఉంటాయి గానీ లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. కిన్నెరసానిలో ఈత నేర్చినవాడికి ఆ లాగుడు తెలియదు, అందుకే లైఫ్‌గార్డు ఈల వేస్తే వెనక్కి రావాలి.

2014 జూన్ 2న పాల్వంచ మళ్లీ తీరం లేని రాష్ట్రంలోకి వచ్చింది. అదే ఏడాది పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో సరిహద్దు ఊరికి ఇంకా దగ్గరైంది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను చీల్చేసింది. అప్పటినుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో ప్లాన్ వేసేవాళ్లు ముందు వాతావరణ వార్త చూస్తారు. అద్దె బండి లెక్కలోకి పక్క రాష్ట్రపు పన్ను కూడా చేరింది. దారి విషయంలో మాత్రం పేచీ ఎప్పుడూ ఉండేదే. భద్రాచలంలో 1965 నాటి వంతెన దాటి, చింతూరు, మారేడుమిల్లి ఘాట్ మీదుగా వెళ్లాలని కుర్రాళ్ల కోరిక. రాత్రిపూట ఆ మలుపుల్లో బండి నడపడానికి డ్రైవర్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. బేరం ఇలా తెగుతుంది: పోయేటప్పుడు అశ్వారావుపేట రోడ్డు, వచ్చేటప్పుడు పగటిపూట ఘాట్, మధ్యలో మారేడుమిల్లిలో ఆగి బొంగు చికెన్. దాని డబ్బు తలా ఇంత లెక్కలో ఉండదు, తిన్నవాళ్లే ఇచ్చుకోవాలి.